బంతిని అందించే విద్య

పాఠశాల ఆటస్థలంలో బాస్కెట్‌బాల్ ఆడుతున్న పిల్లలను కొంతసేపు నిలబడి చూడండి. బంతి చేతికి చిక్కిన బాలుడు మొట్టమొదట చేసే పని దానిని నేలకు కొట్టడం. కొడుతూ ముందుకు పోతాడు. ఎదుట ఇద్దరు అడ్డు నిలిచిన తరువాత గాని తనకు నలుగురు తోటివారు ఉన్నారన్న సంగతి అతనికి స్ఫురించదు. అప్పుడు తొందరలో బంతిని ఎటో ఒకవైపు విసరివేస్తాడు. గీత వెలుపల నిలిచిన డ్రిల్లు మాస్టారు ‘పాస్! పాస్!’ అని వేసే కేక అప్పటికి నిష్ప్రయోజనమై పోతుంది. ఆ కేక వెనుక ఒక చరిత్ర ఉన్నది. బంతిని నేలకు కొడుతూ నడిపించడం, అనగా డ్రిబుల్ చేయడం, ఈ ఆట పుట్టిననాడు లేనే లేదు. నాడు బంతి ముందుకు సాగడానికి ఉన్న మార్గం ఒక్కటే: ఒకరి చేతినుండి మరొకరి చేతికి అందడం.

ఆట పుట్టినది 1891 డిసెంబరులో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో. అక్కడి వై.ఎం.సి.ఏ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే యువకుడు ఉపాధ్యాయుడు. కెనడా దేశీయుడు, వేదాంతం చదివినవాడు, వ్యాయామ విద్యపై మక్కువ కలవాడు. చలికాలంలో మంచు కురిసేవేళ బయట ఆడే ఆటలు సాగవు. లోపల చేయించే కవాతులు, డంబెల్ కసరత్తులు చూచి పదునెనిమిది మంది విద్యార్థుల తరగతి ఒకటి విసుగెత్తి తిరగబడినంత పని చేసినది. ఆ తరగతిని అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయులు వదులుకొన్నారు. విభాగాధిపతి లూథర్ గులిక్ దానిని నైస్మిత్‌కు అప్పగించి, పదునాలుగు దినాలలో ఇంటిలోపల ఆడదగిన కొత్త ఆట ఒకటి సిద్ధం చేయుమన్నాడు.

నైస్మిత్ ఆలోచించిన తీరు గమనింపదగినది. రగ్బీ వంటి ఆటలను లోపలికి తెస్తే ఎముకలు విరగడం ఖాయం. ఎందుకు? బంతి పట్టుకొన్నవాడు పరుగెత్తుతాడు కనుక, వానిని ఆపవలెనంటే పడగొట్టక తప్పదు. వాడు పరుగెత్తడానికే వీలులేకపోతే పడగొట్టవలసిన అవసరమే ఉండదు గదా! ఈ ఒక్క తర్కం నుండి ఆట అంతా పుట్టినదని చెప్పవచ్చును. ఆయన వ్రాసిన పదమూడు నియమాలలో మొదటిది బంతిని ఒకచేత గాని రెండుచేతుల గాని ఏ దిక్కుకైనా విసరవచ్చునని చెబుతుంది. మూడవది బంతితో పరుగెత్తరాదని, పట్టుకొన్న చోటినుండియే విసరవలెనని శాసిస్తుంది. గోడ వెంబడి ఉన్న వసారా కమ్మికి, పది అడుగుల ఎత్తున, పీచుపండ్ల బుట్టలు రెండు వ్రేలాడగట్టినారు. బంతి మామూలు ఫుట్‌బాల్. పక్షానికి తొమ్మండుగురు. ఆ మొదటి పోటీలో పడిన గోలు ఒక్కటే.

పట్టుకొన్నవాడు కదలరాదు, కదిలేవాడు బంతి లేనివాడు. అంటే ఆలోచించవలసినవాడు నిలిచి ఉన్నాడు, పరుగెత్తవలసినవాడు ఎదురు చూస్తున్నాడు. తక్కిన ఆటలలో ఇది సహజంగా ఏర్పడే స్థితి కాదు. ఈ కారణంచేతనే ‘ఏ పాస్ ఎప్పుడు’ అనే ప్రశ్న బాస్కెట్‌బాల్‌లో మొదటి దినం నుండి కీలకమైనది. విసరడం ఎవనికైనా వచ్చును. ఎవరికి, ఏ ఎత్తున, ఎంత వేగంతో, ఏ క్షణాన విసరవలెనన్నదే విద్య.

ఇప్పుడు ఆ విద్యలోని ముఖ్యమైన రీతులు చూతము. రొమ్మునకు ఎదురుగా బంతిని రెండుచేతుల పట్టుకొని, మోచేతులు చాచి, మణికట్టు విదిలించి నేరుగా ఎదుటివాని రొమ్ముకు పంపడం చెస్ట్ పాస్. అన్నింటికన్న వేగమైనది, గురి తప్పనిది ఇదే. అయితే దారి మధ్య శత్రువు చేయి లేనప్పుడే ఇది చెల్లుతుంది. చేయి ఉన్నప్పుడు ఆ చేతి క్రిందుగా పోవడానికి బౌన్స్ పాస్ ఉన్నది. బంతిని నేలకు కొట్టి, అది లేచి తోటివాని నడుము ఎత్తున అందేటట్లు చేయడం. నేలను తాకవలసిన చోటు విసరేవానికి దగ్గర కాదు. దూరంలో మూడింట రెండువంతులు దాటిన చోట తాకవలెను. మరీ దగ్గరగా కొడితే బంతి ఎత్తుగా, నిదానంగా లేచి శత్రువుకు కావలసినంత వ్యవధి ఇస్తుంది. మరీ దూరంగా కొడితే తోటివాని పాదాల దగ్గర పడుతుంది. సరిగా కొట్టినా కూడా దీనికి ఒక లోపం కలదు: దారి పొడవు, పైగా నేలను తాకినపుడు వేగం తగ్గుతుంది. కనుక మైదానం అడ్డంగా, దూరపు తోటివానికి బౌన్స్ పాస్ వేయడం బంతిని శత్రువు చేతిలో పెట్టడమే. బుట్ట దగ్గర పొడవాటి రక్షకుడు చేతులు పైకెత్తి నిలిచినప్పుడు మాత్రం దీనికి మించిన ఆయుధం లేదు. ఎత్తుమనిషికి పైన ఉన్న బంతిని అందుకోవడం తేలిక, వంగడం కష్టం.

తలపైనుండి రెండుచేతుల విసరే ఓవర్‌హెడ్ పాస్ దీనికి ప్రతిగా పొట్టివారి తలలమీదుగా పోతుంది. బంతిని తల వెనుకకు తీసుకొనిపోయి విసరడం తొలినాళ్లలో అందరూ చేసే తప్పు. వెనుకనున్నవాడు నిశ్చింతగా లాగుకొంటాడు. ఇక మైదానం ఈ కొసనుండి ఆ కొసకు విసరవలసి వచ్చినపుడు ఒంటిచేతి బేస్‌బాల్ పాస్. దూరానికి ఇది ఒక్కటే గతి, కాని గురి అందరికీ కుదరదు. దీని సంగతి మ్యూనిక్ కథలో మళ్లీ వస్తుంది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సమీపంలోనే నార్తాంప్టన్ పట్టణంలో స్మిత్ కళాశాల అనే స్త్రీల కళాశాల ఉన్నది. అక్కడి వ్యాయామోపాధ్యాయిని సెండా బెరెన్సన్ ఆట పుట్టిన కొన్ని మాసాలకే, 1892లో, దానిని తన విద్యార్థినులకు నేర్పినది. 1893 మార్చిలో రెండు తరగతుల మధ్య పోటీ జరిగినప్పుడు పురుషులను లోపలికి రానీయలేదు. స్త్రీలు అలసిపోరాదని, తోపులాడరాదని ఆమె నియమాలు మార్చినది. మైదానాన్ని మూడు భాగాలు చేసి, ఏ భాగంలోని ఆటగత్తె ఆ భాగం దాటరాదన్నది. ఎదుటివారి చేతిలోని బంతిని లాగుకోరాదన్నది. బంతిని మూడు క్షణాలకు మించి ఉంచుకోరాదన్నది. స్త్రీ దేహం సుకుమారమన్న ఆనాటి భావనే వీటికి మూలం. ఆ భావనను నేడు మనం సమర్థింపనక్కరలేదు. కాని ఫలితం చూడండి. ఎవరూ గీత దాటరాదు గనుక బంతి మాత్రమే గీత దాటవలెను. ఈ కొసనుండి ఆ కొసకు బంతి చేరవలెనంటే ప్రతిసారీ కనీసం రెండు మంచి పాస్‌లు కావలెను, అదియును మూడు క్షణాలలో నిశ్చయించుకొని. పురుషులకన్న ముందుగా పాస్‌ను క్రమశిక్షణగా అభ్యసించవలసి వచ్చినవారు ఈ బాలికలే. ఈ విభజన రూపం మారి, పక్షానికి ఆరుగురితో రెండు భాగాల ఆటగా అమెరికాలో చిరకాలం నిలిచినది. అయోవా రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో 1993 వరకు, ఓక్లహోమాలో 1995 వరకు బాలికలు ఆ పద్ధతిలోనే ఆడినారు.

ఇక డ్రిబుల్ ఎట్లు వచ్చినది? దొడ్డిదారిన వచ్చినదనవలెను. చుట్టూ శత్రువులు మూగి పాస్‌కు దారిలేనివాడు ఏమి చేయును? బంతిని జారవిడిచి, లేదా నేలకు కొట్టి, ముందుకు దూకి తానే పట్టుకొన్నాడు. నియమం ప్రకారం అతడు బంతితో పరుగెత్తలేదు; తనకు తానే పాస్ ఇచ్చుకొన్నాడు! నియమకర్తలకు ఇది మింగుడుపడలేదు, కక్కుడుపడలేదు. కొంతకాలం డ్రిబుల్ చేసినవాడు స్వయంగా బుట్టలోకి విసరరాదన్న నిబంధన కూడా ఉండినది. కాని ప్రేక్షకులకు అది నచ్చినది. ఆటగాళ్లకు మరీ నచ్చినది.

తగవు 1927లో ముదిరినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు వాల్టర్ మీన్‌వెల్ పొట్టి పాస్‌ల ఆటకు పేరుపొందినవాడు. ఆయన జట్టువారు అడ్డదిడ్డంగా ఒకరినొకరు దాటుతూ, దగ్గర దగ్గరగా బంతిని అందించుకొంటూ బుట్టను చేరేవారు. డ్రిబుల్‌ను ఒక్క దెబ్బకు పరిమితం చేయవలెనని ఆయన పక్షంవారు వాదించినారు. ఆ యేడు నియమాల సంఘం ఆ ప్రకారమే నిర్ణయించినది కూడా. కాన్సాస్ శిక్షకుడు ఫాగ్ అలెన్ దీనికి భగ్గుమన్నాడు. ఆయన నైస్మిత్ శిష్యుడే. దేశంలోని శిక్షకులను కూడగట్టి సంఘం స్థాపించి, ఆ నిర్ణయాన్ని రద్దు చేయించినాడు. శిక్షకుల జాతీయ సంఘం పుట్టుకకు కారణం ఈ కలహమే. అలెన్ ఓడిపోయి ఉంటే నేడు మనం చూచే ఆట మరొకటి అయి ఉండేది. మీన్‌వెల్ వాదంలో న్యాయం లేకపోలేదని నా అభిప్రాయం. పది దెబ్బలు కొట్టి గోలు వేసినవానికి చప్పట్లు దొరుకుతాయి. అతనికన్న ముందు సరియైన చోటికి పరుగెత్తి, బంతి రాక వెనుదిరిగినవానిని ఎవరు చూస్తారు? అయినా డ్రిబుల్ బెదిరింపు లేకపోతే రక్షకులందరూ పాస్ దారులలోనే నిలబడిపోతారు. ఒకటి ఉన్నందువల్లనే రెండవది పదునెక్కినది.

ఆ రోజులలోనే న్యూయార్క్‌లో రెండు వృత్తి జట్లు పాస్‌ను కళగా మార్చినాయి. మొదటిది ఒరిజినల్ సెల్టిక్స్. ఆ జట్టులోని డచ్ డెనర్ట్ అనే బలిష్ఠుడు బుట్టకు వీపు త్రిప్పి మధ్యలో స్తంభంవలె నిలిచేవాడు. తోటివారు అతనికి బంతి అందించి, అతని ఇరుప్రక్కలనుండి బుట్టవైపు దూసుకొనిపోయేవారు. రక్షకుడు ఎవరివెంట పడితే వారిని వదలి మరొకరికి డెనర్ట్ బంతిని తిరిగి ఇచ్చేవాడు. దీనికి ‘పివట్’ అని పేరు. ఈ ఇరుసు చుట్టూ ఆట తిరిగే పద్ధతి నేటికీ పోలేదు. 2023లో డెన్వర్ జట్టుకు మొదటి ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టిన సెర్బియా దేశీయుడు నికోలా యోకిచ్ ఆట చూచినవారికి డెనర్ట్ వంశం ఇంకా నిలిచి ఉన్నదని తోచక మానదు.

రెండవ జట్టు న్యూయార్క్ రెనసాన్స్. దీనిని జనం ‘రెన్స్’ అనేవారు. 1923లో హార్లెమ్ పేటలో రాబర్ట్ డగ్లస్ స్థాపించిన నీగ్రోజాతి ఆటగాళ్ల జట్టు ఇది. రెనసాన్స్ అనే నాట్యశాలయే వారి మైదానం. ఆట ముగిసిన తరువాత అదే నేలమీద నృత్యం సాగేది. 1932–33లో వీరు వరుసగా 88 పోటీలు గెలిచినారు. ఆ వరుసను తెంచినది సెల్టిక్సే. వీరి ఆటలో బంతి నేలను తాకడం అరుదు. చేతులనుండి చేతులకు ప్రవహించేది. పిదప గొప్ప శిక్షకుడైన జాన్ వుడెన్ యౌవనంలో వీరితో తలపడినవాడు. వారి సమష్టి ఆటను ఆయన చిరకాలం మెచ్చుకొన్నాడు. అయితే వారి దినచర్య ఎట్టిదో వినవలెను. పర్యటనలో చాలా ఊళ్లలో వారికి హోటలు గది ఇచ్చేవారు కారు, భోజనం పెట్టేవారు కారు. పగలు ఆడి, జయించి, రాత్రి దూరపు ఊరిదాకా బస్సులో ప్రయాణించి తమవారి ఇండ్లలో తలదాచుకొనేవారు. 1939లో షికాగోలో జరిగిన ప్రపంచ వృత్తి బాస్కెట్‌బాల్ పోటీల ఫైనల్‌లో వారు ఓష్‌కోష్ జట్టును 34–25తో ఓడించి విజేతలైనారు. ఆనాటి వృత్తి సంఘాలలో స్థానం లేని జట్టు అది.

అంతకు మూడేండ్ల ముందు, 1936లో, ఒక విచిత్రం జరిగినది. బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు మొదటిసారి పతకాలు ఇచ్చినారు. డెబ్బది అయిదవ యేట ఉన్న నైస్మిత్ తన ఆటను చూడడానికి అక్కడికి వెళ్లినాడు. ప్రయాణానికి శిక్షకుల సంఘంవారు చందాలు పోగుచేసినారు. అయితే జర్మనీవారు పోటీలను ఆరుబయట టెన్నిస్ మైదానాలపై పెట్టినారు. ఆగస్టు 14న ఫైనల్ నాడు కుండపోతగా వాన. నేల బురద. బంతిని నేలకు కొడితే అక్కడే కూరుకొనిపోతున్నది, పైకి లేవడం లేదు. డ్రిబుల్ అసాధ్యం, బౌన్స్ పాస్ అసాధ్యం. పట్టుకొనడం, విసరడం తప్ప గత్యంతరం లేదు. అమెరికా 19, కెనడా 8. చూడ సొంపైన ఆట కాదది. కాని 1891 నాటి ఆట, డ్రిబుల్ లేని ఆట, నలుబది అయిదేండ్ల తరువాత దానిని సృష్టించినవాని కన్నులయెదుట వానదేవుని కృపవల్ల ఒకమారు మళ్లీ ఆడబడినది. ఆయన 1939 నవంబరులో మరణించినాడు.

మన దేశానికి ఈ ఆట వై.ఎం.సి.ఏ. ద్వారానే వచ్చినది. మొదటి పోటీలో ఒక పక్షానికి నాయకుడైన డంకన్ పాటన్ భారతదేశానికి వచ్చినవారిలో ఒకడు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ శిక్షణ కళాశాల నెలకొల్పినాడు. తెలుగు జిల్లాల పాఠశాలలలో ‘పాస్! పాస్!’ అని కేకవేసిన డ్రిల్లు మాస్టార్లలో పలువురు అక్కడ తర్ఫీదు పొందినవారే.

పాస్ ఎల్లప్పుడూ సద్గుణమే అనుకొంటే పొరపాటు. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ జట్టు, బలవత్తరమైన మినియాపొలిస్ జట్టుతో ఆడుతూ, బంతిని తమలో తాము అందించుకొంటూ కాలం గడిపినది. గోలుకు విసరడమే లేదు. ప్రేక్షకులు విసుగెత్తిపోయినారు. చివరకు 19–18తో ఫోర్ట్ వేన్ గెలిచినది. బంతిని దాచుకొనడానికి ఇచ్చే పాస్ ఆటను చంపుతుందని వృత్తి సంఘంవారికి అర్థమైనది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బియసోన్ ఒక లెక్క వేసినాడు. బాగా సాగిన పోటీలో రెండు పక్షాలు కలిసి 120 మార్లు గోలుకు విసరుతాయి; ఆటకాలం 48 నిమిషాలు, అనగా 2,880 సెకండ్లు; భాగిస్తే 24. అంతలోగా గోలుకు విసరి తీరవలెనన్న నియమం 1954లో వచ్చినది. నాటినుండి పాస్‌కు గడియారం యజమాని అయినది.

ఆ తొందరకు సరిగా తగినవాడు బాస్టన్ జట్టులోని బాబ్ కూజీ. 1950లో మూతపడిన జట్టు ఆటగాళ్లను పంచుకొన్నపుడు టోపీలో చీటీలు వేసి తీయగా బాస్టన్‌కు ఇతని పేరు వచ్చినది. యజమానికి అది నిరాశే కలిగించినది. వీపు వెనుకనుండి, చూపు ఒకవైపు, బంతి మరొకవైపు విసరేవాడు కూజీ. మొదట్లో తోటివారే సిద్ధంగా లేక బంతి జారవిడిచేవారు. పాస్ ఎంత అందంగా ఉన్నా అందుకొనేవాడు అందుకొనకపోతే అది పాస్ కాదని శిక్షకుడు రెడ్ ఆయర్‌బాక్ మందలించినాడు. కూజీ గారడీవాడన్న అపవాదు ఆనాడు ఉండినది. నాకది న్యాయంగా తోచదు. కుడిప్రక్క రక్షకుడు, ఎడమప్రక్క పరుగెత్తే తోటివాడు ఉన్నపుడు వీపు వెనుక త్రోవయే దగ్గర త్రోవ. వరుసగా ఎనిమిది సంవత్సరాలు, 1952–53 నుండి 1959–60 వరకు, గోలుకు దారితీసిన పాస్‌లలో ఆ సంఘంలో మొదటివాడు అతడే. 1956లో బిల్ రసెల్ జట్టులో చేరిన తరువాత, బుట్టనుండి తిరిగివచ్చే బంతిని రసెల్ అందుకోవడం, క్షణం ఆలస్యం లేక కూజీకి అందించడం, శత్రువులు వెనుదిరిగేలోగా గోలు పడడం బాస్టన్‌కు పరిపాటి అయినది. ఇరువురూ కలిసి ఆరు ఛాంపియన్‌షిప్‌లు గెలిచినారు.

మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. రేడియోలో ఆటను వర్ణించేవానికి డ్రిబుల్ సహాయం చేస్తుంది. ఆ చప్పుడు మైకులోనుండి శ్రోతకు వినబడుతుంది. పాస్‌కు చప్పుడు లేదు. వర్ణించేవాడు ‘ఇచ్చినాడు’ అనేసరికి అందుకొన్నవాడు మరొకరికి ఇచ్చివేసి ఉంటాడు.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ ఏ వర్ణనకూ లొంగనిది. 1936 నుండి ఒలింపిక్స్‌లో ఒక్క పోటీయైనా ఓడని అమెరికాకు, సోవియట్ దేశానికి సెప్టెంబరు 9 అర్ధరాత్రివేళ పోటీ. మూడు సెకండ్లు మిగిలి ఉండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50–49తో ముందుకు తెచ్చినాడు. సోవియట్ పక్షం బంతిని లోపలికి వేసినది. విరామం అడిగినామని తగవు రాగా ఆట ఆగిపోయినది. మరల మూడు సెకండ్లు ఇవ్వవలెనన్నారు. రెండవసారి గడియారం సరిచేయకమునుపే ఆట మొదలై, వెంటనే బూర మ్రోగినది; అమెరికన్లు గెలిచినామని గంతులు వేసినారు. మూడవసారి మళ్లీ ఆడించినారు.

శిక్షకుడు కొంద్రాషిన్ బంతి విసరడానికి ఎన్నుకొన్నది ఇవాన్ ఎదెష్కోను. అతడు దూరపు పాస్‌లకు దిట్ట. రెండవ ప్రయత్నంలో అతని ముఖానికెదురుగా ఆరడుగుల పదకొండంగుళాల టామ్ మెక్‌మిలన్ చేతులు ఊపుతూ నిలిచినాడు. ఎదెష్కో చేసేది లేక దగ్గరివానికి ఇచ్చినాడు. మూడవసారి రిఫరీ సైగ చూచి మెక్‌మిలన్ వెనుకకు జరిగిపోయినాడు. ఎదుట త్రోవ తెరచుకొన్నది. ఎదెష్కో ఒంటిచేత బంతిని మైదానం ఆ కొసకు విసరినాడు. అక్కడ ఇద్దరు అమెరికన్ల నడుమ అలెగ్జాండర్ బెలోవ్ ఎగిరి అందుకొన్నాడు. ఆ ఇద్దరూ తూలిపోయినారు. అతడు నిలిచి గోలు వేసినాడు. 51–50. ఎదుట మనిషి నిలిచి ఉంటే చేయరాని పని, లేకపోతే చేయక తప్పని పని. రెండింటికీ మధ్య ఉన్నది ఒకడు వేసిన నాలుగడుగులు. అమెరికా ఆక్షేపణను విచారణ సంఘం మూడు ఓట్లకు రెండు ఓట్లతో త్రోసిపుచ్చినది. అమెరికన్ ఆటగాళ్లు వెండి పతకాలు నేటికీ స్వీకరింపలేదు. బెలోవ్ 1978లో, ఇరువదియారవ యేట, కన్నుమూసినాడు.

చివరగా, దూరపు పాస్‌కు సరిగ్గా వ్యతిరేకమైన ఒక పొట్టి పాస్ సంగతి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పీట్ కారిల్ దాదాపు మూడు దశాబ్దాలు శిక్షకుడు. చదువుకోసం వచ్చిన, మరీ ఎత్తులేని, మరీ వేగంలేని పిల్లలే ఆయనకు దొరికేవారు. వారికి ఆయన ఒక మర్మం నేర్పినాడు. రక్షకుడు పాస్‌ను అడ్డగించాలని మీదికి వస్తే, బంతికోసం ముందుకు అడుగువేసినట్లు నటించి, వెంటనే అతని వెనుకనుండి బుట్టవైపు దూసుకొనిపో. అత్యాశపరుని ఆశనే అతనిపై ప్రయోగించడం ఇది. 1996 మార్చి 14న ఇండియానాపొలిస్‌లో, అంతకు ముందు యేటి జాతీయ విజేత యు.సి.ఎల్.ఏ.తో ప్రిన్స్‌టన్ తలపడినది. ఆరు నిమిషాలు మిగిలి ఉండగా ఏడు పాయింట్లు వెనుకబడి, చివరి నిమిషాలలో 41–41కి చేరుకొన్నది. కారిల్ ఆ యేటితో విరమిస్తున్నట్లు ముందే ప్రకటించినాడు.

బంతి స్టీవ్ గుడ్రిచ్ చేతిలో, బుట్టకు ఎదురుగా కొంచెం దూరాన ఉన్నది. మొదటి సంవత్సరపు విద్యార్థి గేబ్ లెవుల్లిస్ ప్రక్కనుండి బంతికోసం వచ్చినట్లు ఒక అడుగు వేసినాడు. రక్షకుడు ఆ అడుగును నమ్మి ముందుకు వచ్చినాడు. లెవుల్లిస్ వెనుదిరిగి పరుగెత్తినాడు. గుడ్రిచ్ నేలకు కొట్టి బంతిని అతని చేతికి అందించినాడు. గాలిలో ఇచ్చి ఉంటే చాచిన చేయి తగిలేది. ఒక్క క్షణం ఆలస్యంగా ఇచ్చి ఉంటే లెవుల్లిస్ బుట్ట దాటిపోయేవాడు. అతడు బంతిని పలకకు తాకించి గోలు వేసినాడు. నాలుగు సెకండ్లకన్న తక్కువ మిగిలి ఉన్నది. 43–41. తరువాతి పోటీలో ప్రిన్స్‌టన్ ఓడినది. అక్కడ కారిల్ గెలిచిన చివరి ఆట అదే.